మధ్యలో ఒక అంగుళం

మట్టం మావయ్యకు వంకర అంటే ఒళ్లు మంట. జ్వరమని డాక్టరు దగ్గరికి వెళ్లి, గోడ మీద ఒరిగిన క్యాలెండరును సరిచేస్తూ తన నంబరు పిలిచిన సంగతే వినిపించుకోని మనిషి ఆయన. ఒకసారి మంగలి దుకాణంలో సగం క్షవరం అయ్యాక లేచి, అద్దం వెనక అట్టముక్క పెట్టి వచ్చి మళ్లీ కూర్చున్నాడు. గ్లాసులో నీళ్లు చూసి ఇల్లు ఏ పక్కకు ఒరిగిందో చెప్పగలడని భార్య వేళాకోళం చేస్తుంది. వేళాకోళం ఏముంది, ఒక ఇంట్లో నిజంగానే చెప్పాడు. ఆ ఇంటివాళ్లు మళ్లీ మంచినీళ్లు ఇవ్వలేదు.

వృత్తి వడ్రంగం. సందు మొదట్లో ఇల్లు, దాన్ని ఆనుకునే రేకుల షెడ్డు, లోపల మోకాలి లోతు రంపపు పొట్టు. చొక్కా జేబులో అందరూ పెన్ను పెట్టుకునే చోట ఈయన చిన్న రసమట్టం పెట్టుకుంటాడు. దాని గాజు గొట్టంలో గాలిబుడగ సరిగ్గా నడుమకు వచ్చి ఆగితే చాలు, ఆయన ముఖం విచ్చుకుంటుంది. ఆ రసమట్టం వల్లే మట్టం మావయ్య అయ్యాడు. అసలు పేరు భార్యే పలకదు కాబట్టి మిగతావాళ్లకూ దానితో పని పడలేదు.

షెడ్డుకు నాలుగిళ్ల అవతల ప్రెస్సు పనివాళ్ల క్లబ్బు హాలు ఉంది. పద్నాలుగేళ్ల కిందట ఆ క్లబ్బు సెక్రటరీ ఒక కాగితం పట్టుకుని షెడ్డుకు వచ్చాడు. ఆయన ప్రెస్సులో ప్రూఫులు దిద్దే మనిషి. మనిషి ముఖంలోకి చూసినా ఎక్కడ తప్పుందా అన్నట్టు కళ్లు చికిలించి చూస్తాడు.

"టేబుల్ టెన్నిస్ బల్ల కావాలి. తొమ్మిదడుగుల పొడవు, ఐదడుగుల వెడల్పు, రెండున్నర అడుగుల ఎత్తు. చేయగలవా?"

"భోజనాల బల్లలు చేసేవాణ్ని, ఇది చేయలేనా?"

"భోజనాల బల్ల కాస్త అటూ ఇటూ ఉన్నా కడుపు నిండుతుంది. దీనితో అలా కుదరదు. అడుగు ఎత్తు నుంచి బంతి వదిలితే ముప్పావు అడుగు పైకి లేవాలి. బల్ల మీద ఎక్కడ వదిలినా అంతే లేవాలి."

ఎక్కడ వదిలినా అన్న మాట మావయ్య బుర్రలో మేకులా దిగింది. బల్ల తయారయ్యాక, పక్కన కొలబద్ద నిలబెట్టి, జానెడు జానెడుకూ బంతి వదిలి చూశాడు. ఒక మూల బంతి అరంగుళం తక్కువ లేచింది. ఇంకొకరైతే పోనీలే అనేవారు. ఈయన ఆ చెక్క మొత్తం ఊడదీసి కొత్తది వేశాడు. బల్ల హాలుకు చేరాక, ఎలా పనిచేస్తుందో చూసి వెళ్దామని ఒక మూల నిలబడ్డాడు. ప్రెస్సువాళ్లు ఇద్దరు ఆడుతున్నారు. బంతి టిక్కు టక్కుమంటూ తన బల్ల మీద అటూ ఇటూ పరుగెడుతుంటే చూస్తూ చూస్తూ భోజనం వేళ మర్చిపోయాడు. భార్య వెతుక్కుంటూ వచ్చి చెవి పట్టుకున్నంత పని చేసింది.

నలభై దాటాక కొత్త విద్యా అని ఊరు నవ్వింది. ఏడాది తిరిగేసరికి ఆ బల్ల మీద ఆయన్ని ఓడించేవాళ్లు ఇద్దరే మిగిలారు. టీటీతో మొదలుపెట్టిన మనిషి షటిల్ రాకెట్ కూడా పట్టాడు. ఇంకో ఏడాదికి హాలు తాళంచెవి ఆయన చేతికొచ్చింది. తెల్లవారి ఆరింటి నుంచి ఏడున్నర దాకా కొత్తవాళ్లకు ఓనమాలు నేర్పే పని కూడా దానితోపాటే వచ్చింది.

ఆయన నేర్పే తీరు చూసి తీరాలి. మొదటి వారం బంతీ లేదు, షటిలూ లేదు. రాకెట్ పట్టుకోవడం ఒక్కటే. "చుట్టాన్ని చూసి చెయ్యి కలిపినట్టు పట్టుకోవాలి. పాము మెడ పట్టుకున్నట్టు కాదు. వేళ్లు వదులుగా ఉండాలి, కొట్టే క్షణానికి బిగించాలి" అనేవాడు. టీటీ సర్వీసుకు అరచెయ్యి చాచి పెట్టించేవాడు. "బంతిని దాచుకోకూడదు. అరచేతిలో పెట్టుకుని, నెట్ ఎంత ఎత్తుందో దానికన్నా ఓ పిసరు ఎక్కువే నిటారుగా ఎగరేయాలి. ముందు మన వైపు పడి, తర్వాత వాళ్ల వైపు పడాలి." సెక్రటరీ కూడా ఆ వరసలో నిలబడి నేర్చుకున్నవాడే. గుప్పిట్లోంచి బంతి జార్చే అలవాటు మాన్పించడానికి మావయ్యకు మూడు నెలలు పట్టింది.

షటిల్ పాఠం వేరు. "బంతికి బల్ల ఉంది, పడి లేస్తుంది. ఈకలకు దిక్కు లేదు. కింద పడిందా, పాయింటు పోయినట్టే. అందుకని కాళ్లే దిక్కు. కొట్టిన చోట నిలబడి చూస్తే ఎలా? కొట్టావు, నడిమికి వచ్చేయి. మళ్లీ కొట్టావు, మళ్లీ నడిమికి." సుద్దతో కోర్టు మధ్యలో ఒక చుక్క పెట్టి, రాకెట్ లేకుండానే నాలుగు మూలలకూ రెండు పక్కలకూ పరుగెత్తించి వెనక్కి రప్పించేవాడు. చూసేవాళ్లకు పిచ్చి పట్టిందేమో అనిపించేది. నెల తిరిగాక అదే మనిషి కోర్టులో హంసలా తిరుగుతుంటే నోరు మూసుకునేవాళ్లు.

ఇక నెట్ సంగతి. టీటీ నెట్ ఆరంగుళాల ఎత్తు. ఈ చివర ఎంతో ఆ చివరా అంతే, మధ్యలోనూ అంతే. మావయ్యకు అది చూస్తే ప్రాణం లేచి వచ్చేది. షటిల్ నెట్ అలా కాదు. మొదటిసారి తాడుతో కట్టినప్పుడు అది మధ్యలో కాస్త జారి నవ్వుతున్నట్టుగా వేలాడింది. మావయ్యకు ఆ పూట అన్నం సయించలేదు. సెక్రటరీ ఇచ్చిన రూల్సు కాగితం తీసి చూశాడు. స్తంభాల దగ్గర ఐదడుగుల ఒక అంగుళం అనీ, మధ్యలో ఐదడుగులు అనీ రెండు లెక్కలు ఉన్నాయి. ఆయన రెండో లెక్క చూసి జాలిపడ్డాడు. పాపం, తాడు బిగించడం చేతగాని వాళ్ల కోసం పెద్దమనసుతో ఒక అంగుళం వదిలిపెట్టారు అనుకున్నాడు. మనకు ఆ దయాధర్మం అక్కర్లేదు అనుకుని, నెట్ పైఅంచులో తాడు తీసేసి సన్నని ఇనప తీగ దూర్చి, స్తంభానికి మర పెట్టి బిగించాడు. దాని పైన రసమట్టం ఆనించి చూస్తే బుడగ నడుమన కూర్చుంది. తర్వాత ఆ కాగితం ఏమైందో ఎవరికీ తెలియదు. ఆయన తెలుసుకోవాలనుకోనూ లేదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు.

మట్టం మావయ్య కట్టిన నెట్‌ను కొలిచి చూడాలని ఎవరికైనా ఎందుకు తోస్తుంది?

ఆ హాలు పేరు మెల్లగా బయటికి పాకింది. టీటీ ఆడేవాళ్లు ఎక్కడికి వెళ్లినా కప్పులు తెచ్చేవాళ్లు. వాటి కోసం మావయ్యే ఒక అల్మరా చేశాడు. షటిల్ ఆడేవాళ్లు మాత్రం తలలు వేలాడేసుకుని వచ్చేవాళ్లు. హాల్లో ఆడితే కళ్లు తిప్పుకోలేం, బయటికి వెళ్తే మొదటి రౌండులోనే ఇంటిదారి. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు, వీళ్లు ఇంట గెలిచి ఇంటికే వస్తున్నారు అని సెక్రటరీ విసుక్కునేవాడు. ఇంట్లో పులి, వీధిలో పిల్లి అన్న మాట ఆ హాలుకు బోర్డు రాసినంత స్థిరంగా అంటుకుపోయింది. మావయ్య కూడా అదే నమ్మాడు. ధైర్యం లేదు, అంతే. ఒకే హాల్లో, ఒకే గురువు దగ్గర నేర్చుకున్నవాళ్లలో ఈకలు పట్టుకున్నవాళ్లకే భయం ఎందుకొస్తుంది, బంతి పట్టుకున్నవాళ్లకు ఎందుకు రాదు అని పన్నెండేళ్లలో ఒక్కరూ అడగలేదు.

వాళ్లందరిలోనూ బాగా ఆడేది మావయ్య కూతురే. పంతొమ్మిదేళ్ల పిల్ల, కళ్లజోళ్ల దుకాణంలో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించే పని. తండ్రి చెయ్యే వచ్చిందని అందరూ అనేవాళ్లు. ఆమె సర్వీసు చూడ్డానికి టీటీ వాళ్లు కూడా ఆట ఆపేవాళ్లు. ఎడమచేతి రెండు వేళ్లతో షటిల్ ఈక చివర పట్టుకుని, నడుము కింద నుంచి రాకెట్‌తో అలా తాకించేది. అది నెట్ తెల్లటి అంచును ఒరుసుకుని అవతల గీత దగ్గర వాలేది. ఎదుటివాళ్లకు పైకెత్తడం తప్ప దారి ఉండేది కాదు. ఆ పిల్ల బయట మూడు పోటీలకు వెళ్లింది. మూడుసార్లూ మొదటి మనిషి చేతిలోనే ఓడింది. ఆమె సర్వీసు వేయగానే అవతలివాళ్లు ముందుకు దూకి పైనుంచి కొట్టేసేవాళ్లు.

మూడోసారి ఓడి వచ్చిన మర్నాడు హాల్లో అందరూ చుట్టూ చేరారు. కూతురు రాకెట్ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"అక్కడ నెట్ ఏదో తేడాగా ఉంది నాన్నా. నేను ఎప్పట్లాగే వేశా. షటిల్ మాత్రం ఎత్తుగా వెళ్తోంది."

"మూడు చోట్లా తేడాగానే ఉందా?"

"మూడు చోట్లా."

"ఆడలేక మద్దెల ఓడు అందట" అన్నాడు మావయ్య, అందరూ వినేటట్టు. "చేతిలో ఆట ఉంది, గుండెలో దమ్ము లేదు. చెక్కయితే చిత్రిక పట్టి సాపు చేసేవాణ్ని. దమ్ము ఎక్కణ్ణించి తేను?"

ఎవరో నవ్వారు. కూతురు లేచి వెళ్లిపోయింది. ఇంటికి వెళ్లి రాకెట్ బీరువా మీద పెట్టింది. నాలుగు నెలలు అది అక్కడే ఉంది. ఆమె దుకాణానికి వెళ్లేది, వచ్చేది, తండ్రి అడిగినదానికి జవాబు చెప్పేది. అడగనిది చెప్పడం మానేసింది. ఒకప్పుడు పొద్దున్నే ఇద్దరూ కలిసి హాలుకు నడిచేవాళ్లు. దారిలో నిన్నటి ఆట గురించి పోట్లాడుకునేవాళ్లు. ఇప్పుడు మావయ్య ఒక్కడే వెళ్తున్నాడు. పైకి బింకంగా ఉన్నా ఆ నాలుగిళ్ల దారి ఆయనకు నాలుగు మైళ్లయింది.

అలా ఉండగా ఊరికి అవతలి చివర ఇంకో ఆటల హాల్లో నేల చెక్కలు లేచిపోయాయని ఆయనకు కబురొచ్చింది. బస్సెక్కి వెళ్లాడు. మధ్యాహ్నానికి పని పూర్తయింది. సామాను సంచిలో సర్దుకుంటూ తలెత్తితే ఎదురుగా షటిల్ నెట్ మధ్యలో జారి కనబడింది. ఇక ఆగుతాడా? పిలవని పేరంటానికి వెళ్లినట్టు స్తంభం దగ్గరికి నడిచి తాడు ముడి విప్పబోయాడు.

"ఏం చేస్తున్నారండీ?" హాలు చూసుకునే ఆవిడ వెనక నుంచి అడిగింది. మెడలో విజిల్, చేతిలో చీపురు.

"నెట్ జారిపోయిందమ్మా. బిగిస్తున్నా."

"జారలేదు, నేనే జార్చాను. పొద్దున్నే కొలిచి మరీ జార్చాను."

ఆవిడ మూలన ఉన్న కర్ర తెచ్చి చూపించింది. దాని మీద రెండు గాట్లు ఉన్నాయి, ఒకదానికి ఎర్ర రంగు, ఒకదానికి నల్ల రంగు. "ఎర్రది స్తంభాల దగ్గర. నల్లది మధ్యలో. అంగుళం తక్కువ."

"అది తాడు వదులైతే పోనీలే అని ఇచ్చిన మినహాయింపు కదా?"

"మినహాయింపు ఎవరు చెప్పారు మీకు? అది రూలు. మధ్యలో ఐదడుగులే ఉండాలి. అంగుళం ఎక్కువైతే ఆడేవాళ్ల చెయ్యి ఆ ఎత్తుకు అలవాటు పడిపోతుంది. బయటికి వెళ్లి అలాగే సర్వీసు వేస్తే షటిల్ నెట్ పైన తేలుతుంది. ఎదుటివాళ్లు ఊరుకుంటారా?" ఆవిడ చీపురు మీద చేతులు ఆనించి, ఒక వింత చెబుతున్నట్టు గొంతు తగ్గించింది. "ప్రెస్సు వాళ్ల క్లబ్బని ఒకటుందట. అక్కడివాళ్ల కాళ్లు చూడాలి, ఎంత చక్కగా కదులుతాయో. సర్వీసు మాత్రం అందరూ ఎత్తే పంపిస్తారు. ఎందుకో ఎవరికీ అర్థం కాదు. ఇంతకీ మీది ఎక్కడ?"

"దూరం" అన్నాడు మావయ్య.

కూలీ ఇస్తామని వెనక నుంచి పిలుస్తున్నా వినబడక బస్సెక్కేశాడు. కిటికీ పక్కన కూర్చుని లెక్క వేసుకున్నాడు. ఆ తెల్ల అంచుకు ఒరుసుకుని వెళ్లడమే కూతురి సర్వీసు గొప్ప. అంచు అంగుళం కిందికి దిగితే అదే సర్వీసు అంచు మీద అంగుళం ఎత్తున వెళ్తుంది. పిల్ల ఎప్పట్లాగే వేసింది. ఎత్తుగా వెళ్తోందని నోరు తెరిచి చెప్పింది కూడా. బస్సులో కండక్టరు ఎవరితోనో వంకరగా నిలబడకండి అంటే మావయ్య ఉలిక్కిపడ్డాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు.

మర్నాడు ఆరింటికి ముందే హాలు తెరిచి నెట్ మధ్యలో కొలిచాడు. ఐదడుగుల ఒక అంగుళం, వెంట్రుకవాసి తేడా లేదు. పన్నెండేళ్లుగా తనకు గర్వంగా ఉన్న ఆ కొలత చూస్తే మొదటిసారి సిగ్గేసింది. చప్పుడు కాకుండా మర నాలుగు తిప్పులు వదులు చేశాడు. నెట్ మధ్యలో కొద్దిగా దిగింది. ఎవరికీ చెప్పక్కర్లేదు, మెల్లగా అలవాటు పడతారు, గొడవ వదిలిపోతుంది అనుకున్నాడు. ఇంతలో సెక్రటరీ వచ్చి కళ్లు చికిలించాడు.

"ఏంటి మట్టం, నెట్ వంగింది? వయసు మీద పడుతోందా?"

"తీగ వదులైనట్టుంది" అని మావయ్య నాలుగు తిప్పులూ మళ్లీ బిగించాడు.

అలా మూడు రోజులు గడిచాయి. పొద్దున వదులు చేయడం, మనిషి అలికిడి వినగానే బిగించడం. తేలు కుట్టిన దొంగకు కూడా అంత అవస్థ ఉండదు. షెడ్డులో ఒక కిటికీ చట్రం అరంగుళం తేడాగా కోశాడు. ఆయన చేతిలో చెక్క పాడవడం చూసి భార్య కంగారుపడింది.

"ఒంట్లో బాగాలేదా ఏమండీ?"

మావయ్య పొట్టు మీద కూలబడి మొత్తం చెప్పేశాడు. అవతలి హాలు, రెండు గాట్ల కర్ర, నాలుగు తిప్పులు, అన్నీ చెప్పాడు. భార్య చివరిదాకా విని, కొంగుతో బల్ల మీద పొట్టు దులిపింది.

"నాకు చెప్పి ఏం లాభం? బీరువా మీద ఉన్నది నా రాకెట్టా?"

"దానికి ఎలా చెప్పను? ఇంట్లో కూర్చోబెట్టి మెల్లగా..."

"అన్నది ఇంట్లోనా? హాల్లో నలుగురిలో అన్నారు. అక్కడే చెప్పండి."

ఆదివారం పొద్దున ఆయన కూతురి గది గుమ్మంలో నిలబడ్డాడు. "అమ్మలూ, ఒక్కసారి హాలుకు రా."

"నేను ఆడను నాన్నా."

"ఆడొద్దు. ఒక కొలత చూసి పెట్టు. నా కళ్లు నమ్మేటట్టు లేవు."

కొలత అనేసరికి ఆమె కాదనలేకపోయింది. కళ్లజోళ్ల దుకాణంలో రోజంతా చేసేది అదే. ఇద్దరూ నాలుగిళ్ల దూరం మాటల్లేకుండా నడిచారు. ఆదివారం కాబట్టి హాలు నిండుగా ఉంది. మావయ్య టీటీ బల్ల దగ్గర ఆట ఆపించాడు, కోర్టులో ఆట ఆపించాడు. కొలబద్ద కూతురి చేతికిచ్చాడు.

"మధ్యలో కొలువు. అందరికీ వినబడేటట్టు చెప్పు."

ఆమె వంగి చూసింది. "ఐదడుగుల ఒక అంగుళం."

"ఎంత ఉండాలి?"

మట్టం మావయ్య నెట్ గురించి మట్టం మావయ్యే అడిగితే ఏమని చెప్తారు?

"ఐదడుగులు" అన్నాడాయన. "అంగుళం ఎక్కువ కట్టాను. ఈ ఒక్క రోజు కాదు, పన్నెండేళ్లు. కాగితంలో చదివే కట్టాను. వంగిన గీత చూడలేక కట్టాను. బయటికెళ్లి ఓడిన వాళ్లెవరూ పిరికివాళ్లు కాదు. మీ చేతులు నా నెట్‌కు సరిగ్గానే నేర్చుకున్నాయి. నా నెట్టే తప్పు." కూతురి వైపు తిరిగాడు. "నువ్వు చెప్పావు అమ్మలూ. ఆడలేక మద్దెల ఓడు అన్నాను. మద్దెల నిజంగానే ఓడు. ఆ మద్దెల నేను చేసిందే."

సెక్రటరీ కళ్లు చికిలించి నెట్‌ను చూశాడు. "అయితే నేను మొదటి రౌండులో ఓడింది..." అని మొదలుపెట్టాడు. ఎవరో వెనక నుంచి, మీరు అంగుళం తగ్గించినా ఓడేవారు సార్ అన్నారు. దానితో హాలంతా గొల్లుమంది. పన్నెండేళ్ల ఓటములన్నీ ఒక్కసారి గుర్తొచ్చి ఒకళ్లనొకళ్లు తోసుకుంటూ నవ్వారు. కోపగించుకుంటారని వచ్చిన మావయ్యకు ఆ నవ్వులకు ఏం చేయాలో తోచలేదు.

కూతురు మాత్రం నవ్వలేదు. కొలబద్ద చివర చూస్తూ నిలబడింది.

"నాలుగు నెలలు నాన్నా" అంది చివరికి. "నాకు ధైర్యం లేదనే అనుకున్నాను. దుకాణంలో ఎవరైనా గట్టిగా మాట్లాడితే, తప్పు వాళ్లదైనా, నేను పిరికిదాన్నే కదా అని తల దించుకున్నాను. ఆటలో ఓడితే నాకేం కాదు. నువ్వు అన్నావని నమ్మాను."

మావయ్య కళ్లు నిండాయి. "తప్పు నాది. నమ్మడం నీ తప్పు కాదు" అన్నాడు. పటకారు తీసి తన చేత్తో బిగించిన తీగను తనే కత్తిరించాడు. అది ఖణేలుమని వెనక్కి తన్నింది.

తీగ తీసేసి తాడు దూర్చాడు. ఇక్కడ వచ్చింది అసలు చిక్కు. ముడి వేయబోతే చెయ్యి తనంతట తనే బిగిస్తోంది. కూతురు మధ్యలో కొలిచి ఐదడుగుల ముప్పావంగుళం అంది. వదిలాడు. మళ్లీ బిగిసింది. ఐదడుగుల అరంగుళం. నుదుటి మీద చెమట పట్టింది. వంకరగా కట్టడం ఆయనకు చేతకావడం లేదు.

"ఇటివ్వు, నేను కడతా" అని కూతురు తాడు లాక్కుంది. తండ్రిని కొలబద్ద దగ్గరికి పంపింది. కళ్లజోడు మరలు తిప్పే వేళ్లు కదా, రెండు నిమిషాల్లో నెట్ సరిగ్గా ఐదడుగుల దగ్గర ఆగింది. "మిల్లీమీటరు తేడా వస్తే మనిషికి తల తిరుగుతుంది నాన్నా, మా దుకాణంలో. నువ్వు ఒక్క అంగుళంతో ఇరవై అయిదు తిప్పావు" అంది. ఆ మాటలో దెప్పు ఉంది. నాలుగు నెలల తర్వాత ఆయన అడగకుండా ఆమె అన్న మాట కూడా అదే. మావయ్య ఆ దెప్పును చక్కగా దాచుకున్నాడు.

ఎవరో రాకెట్ చేతికిచ్చారు. ఎదురుగా సెక్రటరీ నిలబడ్డాడు. ఆమె అలవాటుగా సర్వీసు వేసింది. షటిల్ నెట్ మీద తీరుబడిగా తేలింది. అరవై దగ్గర పడ్డ సెక్రటరీ గంతేసి దాన్ని నేలకు కొట్టి, కప్పు గెలిచినట్టు రెండు చేతులూ ఎత్తాడు. ఆమె ఫక్కున నవ్వింది. "ఇదా మూడు చోట్లా జరిగింది" అనుకుంటూ ఇంకోటి వేసింది. అది నెట్‌కు తగిలి ఇవతలే పడింది. పదోదో పన్నెండోదో వేసేసరికి షటిల్ తెల్లటి అంచును ఒరుసుకుని అవతల వాలింది. సెక్రటరీ దాన్ని పైకెత్తడం తప్ప ఏమీ చేయలేకపోయాడు.

ఆ రోజు నుంచి ప్రతి పొద్దునా నెట్ కట్టే పని కూతురిది. మావయ్య రెండు గాట్ల కర్ర ఒకటి చెక్కి, ఎర్ర రంగూ నల్ల రంగూ వేసి హాలు మూలన పెట్టాడు. జారిన నెట్ చూసి మనసు పీకినప్పుడల్లా టీటీ బల్ల దగ్గరికి వెళ్లి, ఆ ఆరంగుళాల తిన్నని నెట్‌ను కాసేపు చూసుకుని వస్తాడు. అలవాట్లు అంత తేలిగ్గా పోవు మరి.

రెండు నెలలకు ఊరి అవతలి హాల్లోనే పోటీ జరిగింది. విజిల్ ఆవిడ మావయ్యను గుర్తుపట్టి, దూరం అన్నారు, ఇదేనా దూరం అంటూ ఆ రోజు తీసుకోకుండా వెళ్లిన కూలీ చేతిలో పెట్టింది. కూతురు మొదటి మనిషిని ఓడించింది. ఆమె సర్వీసును ఎవరూ పైనుంచి కొట్టలేకపోయారు. మావయ్య గోడకు ఆనుకుని, జేబులో రసమట్టం పిడికిట్లో బిగించి చూశాడు. రెండో ఆటలో ఎదుటి అమ్మాయి పొడగరి, కాళ్లు చురుకు. మూడు గేములూ పోరాడి, ఆఖరి గేములో ఇరవై ఒకటికి పంతొమ్మిది దగ్గర కూతురు ఓడిపోయింది.

మావయ్య ఏం చెప్పాలో కూడబలుక్కునే లోపే ఆమె చెమట తుడుచుకుంటూ వచ్చింది. ముఖం వెలిగిపోతోంది.

"ఈసారి ఓడింది నేనే నాన్నా" అంది. "వెనక్కి కొట్టాక నడిమికి రావడం లేటైంది. నాలుగు పాయింట్లు అక్కడే పోయాయి. రేపు ఆరింటికి హాలు తెరుస్తావా?"

తెరుస్తానన్నాడు. బస్సు వచ్చేదాకా ఇద్దరూ ఆ నాలుగు పాయింట్ల గురించి పోట్లాడుకున్నారు.